పద్నాలుగు రంగుల స్వెట్టర్‌ని ఎవరు అల్లుతారు?

ప్రశ్న: నా వయసు 29. విశాఖపట్నంలో ఉంటాను. చిత్రకళలో పీజీ చేసి, ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌గా పనిచేస్తున్నాను. నాన్నగారి రైల్వే ఉద్యోగం వల్ల నా చిన్నప్పుడు కొన్నాళ్లు ఉత్తరాదిలో ఉన్నాం. అమ్మ అక్కడ స్వెట్టర్లు అల్లడం నేర్చుకుంది, నేను అమ్మ దగ్గర నేర్చుకున్నాను. నా బొమ్మల్లో ఉండే గాఢమైన రంగులతోనే ఒక నిట్‌వేర్ కలెక్షన్ చేయాలని ఉంది. స్వెట్టర్లు, చేతుల్లేని పొడవాటి కోట్లు, ఒకటి రెండు డ్రెస్సులు, మొత్తం పన్నెండు. డిజైన్లు గీసి లూధియానాలో స్వెట్టర్లు అల్లే ఒక చిన్న యూనిట్‌కి పంపాను. 'బాగున్నాయి గానీ పద్నాలుగు రంగులు కుదరవు, మూడుకి తగ్గించండి' అన్నారు. మూడు రంగులైతే అది నాదెలా అవుతుంది? ఇంట్లో అమ్మేమో 'ఇంత గాఢమైన రంగులు ఎవరు వేసుకుంటారే' అంటోంది. లైట్ కలర్స్ అయితేనే అమ్ముడుపోతాయని ఫ్రెండ్స్ అంటున్నారు. రంగులు తగ్గించాలా? చేత్తోనే అల్లించుకోవాలా? ఉద్యోగం మానేసి నిట్‌వేర్ కోర్సులో చేరాలా? చాలా టెన్షన్‌గా ఉంది.
— రంగుల పిచ్చి, విశాఖపట్నం

సమాధానం: రంగులు తగ్గించకండి. అలాగని లూధియానా వాళ్లకి మీ కళ అర్థం కాలేదని కూడా అనుకోకండి. వాళ్లు చెప్పింది పని తెలిసినవాళ్ల మాటే, కాకపోతే సగం చెప్పి వదిలేశారు. మూడు రంగులంటే దేంట్లో మూడు? స్వెట్టర్ మొత్తంలోనా, ఒక్కో వరసలోనా? నాకు తెలిసి వాళ్ల మనసులో ఉన్నది వరస లెక్క. మీకు వినపడింది స్వెట్టర్ లెక్క. ఇది తేలితే మీ సమస్యలో పెద్ద భాగం తేలిపోయినట్టే.

మీరు పెయింటర్ కాబట్టి ఇలా చెప్తాను. కాన్వాస్ ముందు తయారవుతుంది, రంగు తర్వాత వస్తుంది. ఎక్కడ ఏ రంగు కావాలన్నా కుంచె పట్టుకుని అక్కడికి వెళ్లొచ్చు. అల్లికలో అలా కాదు, బట్టా రంగూ ఒకేసారి తయారవుతాయి, కింది నుంచి పైకి, వరస మీద వరస. ఒక వరసలో ఎన్ని రంగులుంటే అన్ని దారాలూ ఆ వరస పొడవునా మీతోనే ఉండాలి. వాడని రంగు దారం బట్ట వెనక వేలాడుతూ పక్కకి సాగుతుంది. అలా వేలాడే ముక్క అంగుళం దాటిందంటే, వేసుకునేటప్పుడు వేళ్లకీ గాజులకీ తగులుకుంటుంది. పద్నాలుగు దారాలు వెనక వేలాడితే అది స్వెట్టర్ కాదు, కంబళి అవుతుంది.

మిషన్ మీద ఇబ్బంది ఇంకో రకం. ఒక వరసలో ఎక్కువ రంగులు కలిపి అల్లాలంటే సాధారణంగా జకార్డ్ పద్ధతిలో చేస్తారు. వేలాడే దారాలు లేకుండా వెనకవైపు కూడా అల్లేస్తారు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కానీ రంగు పెరిగిన కొద్దీ వెనక పొర మందమవుతుంది, బరువు పెరుగుతుంది, ముందు వైపు కుట్లు సాగిపోయి బొమ్మ పొడుగ్గా లాగినట్టు కనిపిస్తుంది. ఒక వరసలో మూడు నాలుగు రంగులు దాటితే మంచి యూనిట్ వాళ్లు కూడా ముఖం చిట్లిస్తారు. ఇంకో పద్ధతి ఇంటార్సియా. పెద్ద పెద్ద రంగు మచ్చలకి ఇది సరిపోతుంది. ఒక్కో మచ్చకి దాని దారం దానికే ఉంటుంది, వెనక ఏమీ వేలాడదు, బట్ట ఒకే పొరగా పలచగా వస్తుంది. అయితే పక్కపక్కన ఎన్ని మచ్చలుంటే అన్ని దారాలు పెట్టాలి. మధ్యలో నీలం, దానికి రెండు వైపులా ఎరుపు ఉంటే ఆ ఎరుపుకే రెండు దారాలు కావాలి. మిషన్ మీద దారం మోసే కారియర్లు లెక్క ప్రకారమే ఉంటాయి. మీ పద్నాలుగు రంగులూ ఒకే ఎత్తులో చెల్లాచెదురుగా ఉన్నాయంటే, వాళ్లు దండం పెట్టడంలో వింతేం లేదు.

అందుకని ఈసారి వాళ్లతో మాట్లాడేటప్పుడు రంగులు తగ్గిస్తాననో తగ్గించననో కాకుండా మూడు సంగతులు అడగండి. ఒక వరసలో ఎన్ని దారాలు పెట్టగలరు? మొత్తం ముక్కకి ఎన్ని కోన్లు, అంటే దారం చుట్టిన కండెలు, ఎక్కించగలరు, మధ్యలో మార్చగలరా? కనీసం ఎంత దారం కొనాలి, ఒక్కో రంగుకి ఎన్ని కిలోలు? అసలు చాలా యూనిట్లు రంగులంటే భయపడేది ఈ మూడో దానికే. మీకు నూట యాభై గ్రాములు చాలనుకున్న పసుపు రంగుకి వాళ్లు కిలోల లెక్కన డై చేయించాల్సి వస్తే, మిగిలిందంతా గోడౌన్‌లో పడి ఉంటుంది. అందుకే కొత్త రంగు వేయించే ముందు వాళ్ల దగ్గర ఇప్పటికే ఉన్న దారం రంగులు చూపించే షేడ్ కార్డు అడిగి తెప్పించుకోండి.

ఒక వరసలో రెండే రంగులు పెట్టి ప్రపంచాన్ని రంగుల్లో ముంచెత్తిన అల్లిక ఒకటుంది. స్కాట్లాండ్‌కి ఉత్తరాన, ఆర్క్‌నీకీ షెట్లాండ్‌కీ మధ్య సముద్రంలో ఫెయిర్ ఐల్ అనే చిన్న దీవి ఉంది. వంద మంది కూడా ఉండరు. అక్కడి ఆడవాళ్లు అల్లిన స్వెట్టర్‌ని 1922లో బ్రిటిష్ యువరాజు గోల్ఫ్ ఆటకి వేసుకెళ్లడంతో ఆ దీవి పేరు ఫ్యాషన్‌లోకి ఎక్కింది. ఆ స్వెట్టర్లని దూరం నుంచి చూస్తే ఏడెనిమిది రంగులు కలగలిసి మెరుస్తుంటాయి. దగ్గరికెళ్లి ఏ వరస లెక్కపెట్టినా రెండే ఉంటాయి. రెండు మూడు వరసలు కాగానే ఆ రెంటిలో ఒకటి మారుతుంది. తర్వాత రెండోది మారుతుంది. వెనకుండే నేల రంగు ముదురు నుంచి లేతకి వెళ్తుంటే, దాని మీద పువ్వు లేత నుంచి ముదురుకి వస్తుంది. పద్నాలుగు రంగుల్నీ ఇలా నిలువునా పేర్చుకోవచ్చు. ఏ యూనిట్టూ కాదనదు.

మీలాగే బొమ్మలు వేస్తూ అల్లికలోకి వచ్చిన మనిషి కేఫ్ ఫాసెట్. అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడ్డాడు. 1960ల చివర్లో బిల్ గిబ్ అనే ఫ్యాషన్ డిజైనర్‌తో కలిసి స్కాట్లాండ్ వెళ్లినప్పుడు ఇన్వర్నెస్‌లో ఒక మిల్లులో షెట్లాండ్ ఊలు చూసి, ఆగలేక ఇరవై రంగులు కొనేశాడు. అప్పటికి ఆయనకి అల్లడమే రాదు. లండన్‌కి తిరుగు ప్రయాణంలో రైల్లో తోటి ప్రయాణికురాలు నేర్పింది. కొద్దికాలానికే బిల్ గిబ్ డిజైన్లలో ఆయన అల్లికలు కనిపించడం మొదలైంది. 1988లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆయన పనితో ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. బతికుండగా అక్కడ సొంత ప్రదర్శన జరిగిన మొదటి వస్త్ర కళాకారుడు ఆయనే. ఒక్క డిజైన్‌లోనే ఇరవై ముప్పై రంగులు వాడినా, పేరు తెచ్చిన చాలా వాటిలో ఒక వరసకి రెండు దారాలు మించవు. ఆయన పని ఫొటోలు వెతికి చూడండి. రంగులు చూసి మురిసిపోవడానికి కాదు, పెద్దది చేసి వరసలు లెక్కపెట్టుకోవడానికి.

ఇటలీలో మిస్సోనీ దంపతులది ఇంకో దారి. ఒట్టావియో మిస్సోనీ పరుగు పందేల మనిషి, 1948 లండన్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో పరిగెత్తాడు. ఆయనకి ట్రాక్ సూట్లు అల్లే చిన్న వర్క్‌షాప్ ఉండేది. 1953లో రోసిటాని పెళ్లి చేసుకుని గల్లరాటేలో ఇద్దరూ అల్లిక పని మొదలుపెట్టారు. వాళ్ల మిషన్ల మీద మొదట్లో చారలు తప్ప పెద్దగా ఏమీ వచ్చేవి కావు. సరే, చారలే చేద్దామనుకున్నారు. తర్వాత శాలువాలు అల్లే రాషెల్ మిషన్ల మీద పని చేయగా ఆ చారలే వంపులు తిరిగి, ఇప్పుడు ప్రపంచమంతా మిస్సోనీ అని గుర్తుపట్టే జిగ్‌జాగ్ అయ్యాయి. మిషన్‌కి చేతకాని పని దాంతో చేయించాలని పోరకుండా, దానికి వచ్చిన పనినే రంగులతో నింపారు.

మీకు ఇంతకంటే దగ్గరి దారి ఇంటి పక్కనే ఉంది. ఏటికొప్పాక వెళ్లారా? వరాహ నది ఒడ్డున, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉంది. బస్సెక్కితే పూట పని. అక్కడ అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ, చెట్ల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కని ఆ తిరిగే కర్రకి ఆనిస్తారు. రంగు బొమ్మ చుట్టూ ఒక ఉంగరంలా పడుతుంది. దాని పైన ఇంకో ఉంగరం, ఇంకో రంగు. అక్కడ రంగు ఎప్పుడూ అడ్డంగానే వస్తుంది, స్వెట్టర్‌లో వరస వచ్చినట్టే. కుంకుమ భరిణె మీద ఆ పసుపు, ఎరుపు, ఆకుపచ్చ పట్టీలు ఏ కొలతల్లో పడ్డాయో చూడండి. ఎక్కడ సన్న గీత, ఎక్కడ వెడల్పు పట్టీ, ఏ రెండు రంగుల మధ్య నల్ల గీత వచ్చింది అన్నది రాసుకోండి. మీ డిజైన్లు కొన్ని ఈ పద్ధతిలో మళ్లీ గీస్తే ఒక్క రంగు కూడా వదులుకోనక్కర్లేదు. ఆ ఆలోచన కలెక్షన్‌లో వాడుకుంటే ఎక్కడి నుంచి వచ్చిందో ట్యాగ్ మీద రాయండి. అది వాళ్లకి ఇవ్వాల్సిన మర్యాద.

ఇక రంగు కలపడం. పెయింటింగ్‌లో మీకు అలవాటైన సుఖం ఒకటి ఇక్కడ పోతుంది. రెండు దారాలు పక్కపక్కన పెడితే ప్యాలెట్ మీద కలిసినట్టు కలవవు, కంట్లో కలుస్తాయి. ఫ్రాన్స్‌లో గోబ్లాఁ టేపెస్ట్రీ కార్ఖానాలో రంగుల విభాగానికి 1824 నుంచి మిషెల్ షెవ్రూల్ అనే కెమిస్ట్ అధిపతిగా ఉండేవాడు. మీ నల్ల రంగు వెలవెలబోతోందని నేతగాళ్లు ఫిర్యాదు చేస్తే ఆయన పరీక్షించి చూశాడు. నలుపులో లోపం లేదు, పక్కన వేసిన నీలం, ఊదా రంగులు దాన్ని అలా కనిపించేలా చేస్తున్నాయి. 1839లో ఆయన దీని మీద పెద్ద గ్రంథమే రాశాడు. అల్లికలో ఈ గొడవ రోజూ ఎదురవుతుంది. కోన్ మీద మండిపోయే నారింజ రంగు, పక్కన గులాబీ రంగు పడేసరికి చప్పబడిపోతుంది. అందుకే కాగితం మీద స్కెచ్ పెన్నులతో వేసిన డిజైన్‌ని నమ్మకండి. ముక్క అల్లి చూసుకోండి.

అయినా దారాల్ని కలపడానికి ఒక దారి ఉంది, పెయింటర్లకి ఇది బాగా నచ్చుతుంది. లావు దారం ఒకటి కొనే బదులు సన్న దారాలు కొని, రెండేసి పోగులు కలిపి అల్లండి. ఎనిమిది రంగుల సన్న దారాలు ఉన్నాయనుకోండి. ఒకే రంగు రెండు పోగులైతే ఎనిమిది షేడ్లు. వేర్వేరు రంగులు జత చేస్తే ఇంకో ఇరవై ఎనిమిది. ఎనిమిది కోన్ల డబ్బుతో మొత్తం ముప్పై ఆరు షేడ్లు! ఎరుపుతో వంకాయ రంగు కలిపితే ఒక రకం, ఎరుపుతో పసుపు కలిపితే ఇంకో రకం. చుక్కలు చుక్కలుగా, లోపల ఏదో కదులుతున్నట్టుంటుంది. ఒకే రంగు దారంలో ఆ జీవం రాదు. యూనిట్ వాళ్లకి కూడా ఇది తేలిక, ఒకే కారియర్‌లో రెండు పోగులు వెళ్తాయి. కనీసం ఇన్ని కిలోలు కొనాలన్న తలనొప్పి కూడా చాలావరకు తీరిపోతుంది.

ప్రతి శాంపిల్ ముక్కనీ ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీసి చూడండి. ఎరుపు, ఆకుపచ్చ చూడ్డానికి బద్ధ విరోధుల్లా ఉంటాయి. కానీ రెండూ ఒకే ముదురులో ఉంటే ఫొటోలో ఒకే బూడిద రంగుగా కనిపిస్తాయి. పది అడుగుల దూరం నుంచి మనిషి కంటికి మీ డిజైన్ కూడా అలాగే, బురదలా కనిపిస్తుంది. గాఢమైన రంగులతో పని చేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అన్నీ గట్టి రంగులే తీసుకుంటారు, అన్నీ ఒకే ముదురులో ఉంటాయి, చివరికి ఏదీ కనిపించదు. మధ్యలో ఒక లేత నిమ్మ రంగో, చందనం రంగో పడితే మిగతావన్నీ లేచి నిలబడతాయి. మీ ఫ్రెండ్స్ చెప్పిన లేత రంగులకి మీ కలెక్షన్‌లో చోటు ఇక్కడుంది. మొత్తం కలెక్షనే లేత రంగుల్లో చేయమంటే మాత్రం వినకండి. ఆ పని చేసేవాళ్లు ఇప్పటికే బోలెడు మంది.

గళ్ల కాగితం గురించి కూడా చెప్పాలి. మామూలు గ్రాఫ్ కాగితం మీద గడి చతురస్రం, అల్లిక కుట్టు మాత్రం కాదు, ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. ఉదాహరణకి 10 సెంటీమీటర్లలో అడ్డంగా 22 కుట్లు, నిలువుగా 30 వరసలు వస్తున్నాయనుకోండి. 22 గళ్ల వెడల్పు, 22 గళ్ల ఎత్తుతో మీరు గీసిన సూర్యుడు 10 సెంటీమీటర్ల వెడల్పు, 7 సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తుతో అణగ్గొట్టినట్టు వస్తాడు. వెనక దారం సాగదీసే రెండు రంగుల అల్లికలో మాత్రం కుట్టు దాదాపు చతురస్రానికి దగ్గరగా వస్తుంది. కాబట్టి ముందు ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి, కొలిచాకే బొమ్మ గళ్లలోకి ఎక్కించండి. ఉతక్కుండా కొలిస్తే ఆ కొలత మీద ఆశ పెట్టుకోవద్దు.

దారం విషయానికొస్తే, విశాఖలో ఊలు స్వెట్టర్ వేసుకునే రోజులు ఏడాదికి ఎన్నో మీకే తెలుసు. మీ కస్టమర్లు బెంగళూరులోనో ఢిల్లీలోనో అమెరికాలోనో ఉంటారు. వాళ్ల కోసమైతే ఊలే మంచిది. సాగి మళ్లీ దగ్గరికొస్తుంది, రంగుని బాగా పట్టుకుంటుంది, చిన్న చిన్న తప్పుల్ని కూడా ఉతుకులో సర్దేస్తుంది. ఇక్కడి వాళ్లకైతే కాటన్ దారం. కానీ కాటన్ బరువు, సాగితే తిరిగి రాదు. పొడవాటి కోటు కాటన్‌తో అల్లితే దాని బరువుకి అదే కిందికి జారి మోకాళ్లు దాటుతుంది. కాబట్టి కాటన్‌తో పొట్టివే చేయండి. యాక్రిలిక్ చవక, రంగులూ దివ్యంగా ఉంటాయి. కానీ ఉతికిన కొద్దీ ఉండలు కడుతుంది, వేలల్లో ధర పెట్టే బట్టకి అది నప్పదు. ఇది నా అభిప్రాయం, లూధియానాలో ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉంటారు.

రంగు దిగే సమస్యని తేలిగ్గా తీసుకోకండి. ఎరుపు, ముదురు నీలం, నలుపు ఒక లేత రంగు పక్కన పెట్టారంటే అమ్మకానికి ముందే పరీక్ష చేయాలి. ఆ దారాలతో అల్లిన ముక్కని తెల్ల కాటన్ గుడ్డతో కలిపి గోరువెచ్చని సబ్బు నీళ్లలో ఉతకండి. తడి తెల్ల గుడ్డతో గట్టిగా రుద్దండి, పొడి గుడ్డతోనూ రుద్దండి. గుడ్డ మీద రంగు అంటితే ఆ దారం వెనక్కి పంపేయండి. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని ఇంట్లో అంటారు. అద్దకం వేసేటప్పుడు ఉప్పుకి పనుంది గానీ, సరిగ్గా పట్టని రంగుని తర్వాత ఉప్పు పట్టి ఉంచలేదు. పెద్ద ఆర్డర్ ఇచ్చే రోజున ల్యాబ్ రిపోర్టు కూడా అడగండి, ఉతుకుకీ రాపిడికీ వేర్వేరు పరీక్షలుంటాయి. ఒక రంగు దారమంతా ఒకే లాట్‌లో, అంటే ఒకేసారి అద్దినది, తీసుకోండి. లేకపోతే ఒక చేయి ఒక ఎరుపు, ఇంకో చేయి ఇంకో ఎరుపు అవుతుంది.

అమ్మగారి మాటకి వద్దాం. 'ఇంత గాఢమైన రంగులు ఎవరు వేసుకుంటారు' అన్న ఆమె బీరువా ఒకసారి తెరిచి చూడండి. వంకాయ రంగు చీరకి పసుపుపచ్చ అంచు ఉండే ఉంటుంది. చిలకపచ్చకి కుంకుమ రంగు, నెమలి కంఠం రంగుకి కనకాంబరం రంగు ఉంటాయి. మన ఆడవాళ్లు గాఢమైన రంగులకి కొత్తవాళ్లు కాదు. కాకపోతే చీరలో రంగుకి ఒక క్రమం ఉంది. ఒంటి మీద ఎక్కువ భాగం ఒకే రంగు, అంచులో దానికి ఎదురు తిరిగే రంగు, కొంగులో అల్లరి. బహుశా అమ్మగారికి ఇబ్బంది పెట్టింది మీ రంగులు కాదు, అన్నిచోట్లా సమానంగా ఉండటం. ఒక డిజైన్‌ని చీర లెక్కలో చేసి చూపించండి. ఒళ్లంతా ఒక ముదురు రంగు, అడుగున, చేతుల చివర, మెడ దగ్గర పట్టీలు. ఏమంటారో చూడండి. ఆమె మీకు దొరికిన మొదటి కస్టమర్, పైగా ఉచితంగా విమర్శ చేసే కస్టమర్.

రంగుల సంఖ్యకీ ధైర్యానికీ సంబంధం లేదని చెప్పడానికి తేలియా రుమాలు చాలు. చీరాల, పుట్టపాక నేత అది. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. ఎంత జనంలో ఉన్నా కళ్లు దాని మీదకే పోతాయి. అందుకని మీ పన్నెండింట్లో రెండు మూడు నిజంగానే మూడు రంగుల్లో చేయండి, లూధియానా వాళ్ల కోసం కాదు, మిగతావి ఊపిరి పీల్చుకోవడానికి. పన్నెండూ పన్నెండు ఎగ్జిబిషన్ పెయింటింగుల్లా ఉంటే కొనేవాళ్లు ఏది చూడాలో తెలియక బయటికెళ్లిపోతారు. ఐదారు రంగులు అన్నింట్లోనూ తిరుగుతూ ఉండేలా చూసుకుంటే, ఒకటి కొన్నవాళ్లు దానికి జతగా ఇంకోటి కొంటారు.

చేత్తోనా, మిషన్ మీదా అని అడిగారు. రెండూ. రెండు మూడు ముక్కలు చేత్తో, మిగతావి మిషన్ మీద. ఎందుకో లెక్క వేయండి. బహురంగుల పెద్ద స్వెట్టర్ చేత్తో అల్లడానికి చేయి తిరిగినవాళ్లకి కూడా ఎనభై గంటలు సులువుగా పడుతుంది. గంటకి వంద రూపాయలు ఇచ్చినా కూలికే 8,000. దాని మీద దారం, మీ డిజైన్, షాపు వాళ్ల వాటా. ఆ ధరకి కొనేవాళ్లు ఉన్నారు, కానీ పన్నెండు డిజైన్లూ అదే ధరలో కొనేంత మంది లేరు. అమ్మా మీరూ అల్లుతున్నారు కదా అని కూలీ సున్నా వేసుకోవద్దు. రేపు ఆర్డర్ పెరిగి బయటి వాళ్లకి ఇచ్చిన రోజున మీ ధర కుప్పకూలిపోతుంది.

బయటి ఆడవాళ్లతో అల్లిస్తే ఇంకో మాట. గోదావరి జిల్లాల్లో నరసాపురం లేసు మీకు తెలిసే ఉంటుంది, అది క్రోషా పని, కొక్కెం సూదితో అల్లేది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పారు. ఆ లేసు అల్లే ఆడవాళ్ల మీద మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త చేసిన అధ్యయనం 1982లో అచ్చయింది. విదేశాలకి పోయే సరుకుని రోజూ గంటల తరబడి అల్లే మనుషుల్ని 'ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణులు' అన్నట్టు చూసి, ముక్కకి ఇంతని అతి తక్కువ కూలి ఎలా ఇచ్చారో ఆమె రాసింది. మీరు ముక్క లెక్కనే ఇవ్వండి, తప్పులేదు. కానీ ముందు మీరే ఆ ముక్క అల్లి గంటలు చూసుకుని, దాన్ని బట్టి రేటు పెట్టండి. మెడ చుట్టూ, అంచుల్లో క్రోషా పట్టీలు పెట్టాలనుకుంటే ఆ పని అక్కడే చేయించండి. అసలైన క్రోషా ఏ మిషన్‌కీ రాదు.

ఉద్యోగం మానేయొద్దు. హైదరాబాద్ నిఫ్ట్‌లో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ) నిట్‌వేర్ డిజైన్ డిగ్రీ ఉంది, మంచి కోర్సు. కానీ నాలుగేళ్లు, పైగా వయోపరిమితి ఉంది. మీకు లోటు డిజైన్ చదువు కాదు, మిషన్ ఎలా ఆలోచిస్తుందో తెలియకపోవడం. దానికి ఇళ్లలో వాడే పాత నిట్టింగ్ మిషన్ ఒకటి, డిజైన్‌ని రంధ్రాలుగా గుచ్చిన పంచ్ కార్డుతో నడిచేది, సెకండ్ హ్యాండ్‌లో వెతికి కొనుక్కోండి. చాలా వాటిలో 24 కుట్లకి ఒకసారి డిజైన్ తిరిగొస్తుంది, ఒక వరసలో రెండు రంగులు నడుస్తాయి. ఆ 24 కుట్లలో, రెండు దారాలతో మీ పద్నాలుగు రంగుల్నీ ఆడించడం వచ్చిందంటే, మీరు పంపే ముక్క చూసి ఏ యూనిట్టూ మూడు రంగులనదు. సూదుల్ని నొక్కి పట్టే స్పాంజ్ బార్ అరిగిపోయి ఉంటుంది, కొన్న వెంటనే మార్పించండి. లేకపోతే కుట్లు జారిపోతుంటే మీ చేతులే సరిగ్గా లేవనుకుంటారు.

వేసవి సెలవుల్లో ఒక వారం లూధియానా వెళ్లి ఆ యూనిట్‌లో కూర్చునే వీలుంటే మరీ మంచిది. కాకపోతే వెళ్లే ముందే ఫోన్ చేసి వాళ్లకి ఏ నెలలు తీరికో కనుక్కోండి. చలికాలం సరుకు కోసం అక్కడ మిషన్లు ఎండాకాలం నుంచే వేగం అందుకుంటాయి. సెప్టెంబరులో వెళ్లి పన్నెండు శాంపిళ్లు చేసిపెట్టమంటే, ఎంత మంచివాళ్లైనా మళ్లీ మూడు రంగులే అంటారు. చలికాలం అమ్మకాలు అయిపోయిన ఫిబ్రవరి, మార్చిల్లో అడిగి చూడండి. ఈలోపు నాలుగు ముక్కలు అల్లి, ఉతికి, వాటి వెనక వైపు కూడా ఫొటో తీసి పంపండి. వాళ్లు ముందు చూసేది వెనక వైపే.